గదిలో లేని ఏడుగురు

ఫిబ్రవరి 2, సోమవారం

గొడుగు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేనేళ్ళ తర్వాత.

వాడిప్పుడు విద్యాశాఖ డైరెక్టరు. నా కింద జూనియర్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తలో నాకు గొడుగు పట్టాడు. తర్వాత అదే గొడుగు నా పైవాడికి పట్టాడు. ఆ తర్వాత నాకు రావలసిన కుర్చీలో వాడు కూర్చున్నాడు, నేను తడిశాను. మిగతా కథంతా నా జ్ఞాపకాల పుస్తకంలో పదకొండో అధ్యాయంలో ఉంది. ఇంకా ముగింపు దొరకలేదు.

విషయం ఇది. కాలువ అవతల ఉన్న చిన్నపిల్లల బడి పోయినేడు చదువు పరీక్షలో తప్పింది. ఈ నెల ఇరవై ఆరున మళ్ళీ పరీక్ష. ఈసారి కూడా తప్పితే బడి మూసి, పిల్లల్ని లారీల రోడ్డుకి అవతల ఉన్న పెద్దబడిలో కలిపేస్తారు. రూలు ప్రకారం శాఖ బయటి మనిషి ఒకరు పరిశీలకుడిగా ఉండి నివేదిక రాయాలట. "మీకంటే తగినవారు కనిపించలేదు" అని రాశాడు. కనిపించరు మరి. తక్కినవాళ్ళంతా చచ్చిపోయారు.

ఒప్పుకుంటున్నాను. ఆ పరీక్ష వాడు కన్న బిడ్డ. దాని పేరు చెప్పుకునే పైకొచ్చాడు. అది వట్టి డొల్ల అని తేల్చడానికి నాకు ఒక్క బడి చాలు.

అక్కతో చెప్పాను. "వెళ్ళరా. ఇంట్లో ఉంటే నన్నే తనిఖీ చేస్తున్నావు" అంది.

ఫిబ్రవరి 4, బుధవారం

బడి అంటే రెండు గదులు. ముందుగదిలో అయిదేళ్ళ పిల్లలు, వాళ్ళకి హెడ్మాస్టరు. వెనకగదిలో ఆరేళ్ళవాళ్ళు ముప్పై ఒక్కమంది, వాళ్ళకి పన్నెండేళ్ళుగా ఒకే టీచరమ్మ. పరీక్ష వెనకగదికే. హెడ్మాస్టరు రిటైరవడానికి కాగితాల మీద ఇంకా రెండేళ్ళుంది, మొహంలో మాత్రం ఎప్పుడో అయిపోయాడు.

వెనకగది గోడకి అవతల ఇనుప గేట్లు చేసే షాపు. కోతమిషను మొదలైతే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. నేను కూర్చున్న గంటలో నాలుగుసార్లు మొదలైంది. పిల్లలంతా చెవులు మూసుకున్నారు. చదువుతున్న పిల్ల మాత్రం ఒక చెవే మూసుకుంది, రెండో చేతి వేలు పుస్తకంలో మాట మీదే ఉంచింది. మిషను ఆగగానే ఆ మాట దగ్గరే మళ్ళీ అందుకుంది. ఎవరూ విసుక్కోలేదు. అక్కడ విసుక్కున్నది నేనొక్కణ్ణే.

తర్వాత నా పాత ఆయుధం బయటికి తీశాను. మన బళ్ళలో పిల్లలు చదవరు, వల్లిస్తారు. పుస్తకం తలకిందులుగా ఇచ్చినా గడగడ చెప్పేస్తారు. అందుకని నేను బొమ్మని అరచేత్తో మూసి, చివరి లైను నుంచి పైకి చదవమంటాను. నా సర్వీసులో ఈ ఒక్క చిట్కాతో ఎంతమంది టీచర్ల కళ్ళనీళ్ళు చూశానో.

రెండు జడల పిల్ల ఒకతె కింది లైను చదివింది. దాని పై లైను చదివింది. ఆగి, "చెయ్యి తియ్యి తాతా, బొమ్మ కూడా చూస్తా" అంది.

ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలుస్తుందంటారు. బడి అన్నం కాదు. ఇంకా చూడాలి.

ఫిబ్రవరి 5

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. గొడుగు పని పట్టడానికే.

ఫిబ్రవరి 9, సోమవారం

ఇవాళ గడియారం పట్టుకుని కూర్చున్నాను.

టీచరమ్మ బల్ల దగ్గర నిలబడదు. పీట వేసుకుని పిల్లల ఎత్తుకి కూర్చుంటుంది. ఒక్కొక్కరు వచ్చి పక్కన కూర్చుని చదవాలి. పిల్ల ఒక మాట దగ్గర ఆగిపోతే ఆమె కూడా ఆగిపోతుంది. అందించదు. ఊ కొట్టదు. కనుబొమ్మ ఎత్తదు. ఎదురుచూస్తుంది, అంతే. తొమ్మిది సెకన్లు, ఒకసారి పదకొండు. నేను తనిఖీ చేసిన గదుల్లో టీచరు ఓపిక ఒకటిన్నర సెకనుకి మించేది కాదు. ఆలోగా జవాబు తనే చెప్పేయడమో, "నువ్వు చెప్పవే" అని పక్కదాన్ని లేపడమో.

విద్య మీద నా అలమారాలో నలభై పుస్తకాలున్నాయి. అన్నీ చదివాను, రెండింటికి తప్పులు కూడా పట్టాను. నోరు మూసుకుని కూర్చోవడం ఎలాగో ఒక్కదానిలోనూ లేదు.

ఇంటికొచ్చి నేనూ ప్రయత్నించాను. అక్క ఎవరి పేరో గుర్తుకు రాక ఆగింది. నాలుగో సెకనుకే అందించేశాను. "నా నోట్లోది లాక్కోకురా, దరిద్రుడా" అంది.

టీచరమ్మ బాగా చెబుతోందని ఒప్పుకుంటే గొడుగుకి లాభమా నష్టమా? ఆలోచించాలి.

ఫిబ్రవరి 12, గురువారం

పొద్దున్నే పిల్లలు ఇంటి సంగతులు చెబుతారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, తప్పు దిద్దకుండా, ఆమె కాగితపు చీలికల మీద పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటిస్తుంది. ఆరోజుకి పాఠం అదే. ఎవరి మాట వాళ్ళకి ముందే తెలుసు కాబట్టి భయం ఉండదు. పక్కవాళ్ళ మాట ఏమిటో తెలుసుకోవాలని ఉంటుంది కాబట్టి చదువుతారు. ఇంత తేలికైన సంగతి చెప్పడానికి మా శాఖ మూడు కమిటీలు వేసింది, మూడూ వేరేదే చెప్పాయి.

ఇవాళ గోడ మీద ఉన్నది: "మా పిల్లి నాన్న చెప్పులో నిద్రపోయింది. నాన్న లేపలేదు. ఒక చెప్పుతో పనికెళ్ళాడు."

మూడు వాక్యాల్లో ఇల్లు కనిపించింది, ఆ తండ్రి కనిపించాడు. నాకు తెలిసిన కొందరు రచయితలు ఈ పిల్ల దగ్గర నెల్లాళ్ళు ట్యూషన్ పెట్టించుకోవచ్చు. వాళ్ళ పేర్లు తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాయి.

ఆమె దగ్గర ఒక లావు నోటుబుక్కు ఉంది. పిల్లకో పేజీ. ఎవరు ఏ రోజు ఏ మాట దగ్గర ఆగారో, ఎందుకు ఆగారో రాసుకుంటుంది. ఒక పేజీలో ఇలా ఉంది: "చదువు రాక కాదు, అక్షరాలు కనపడక. తల్లితో మాట్లాడాను. సోమవారం కళ్ళ డాక్టరు." ఇంకో పేజీలో: "నత్తి. తొందరపెడితే మొత్తానికే ఆగిపోతుంది. తొందరపెట్టింది నేనే. నా తప్పు."

నా తప్పు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో వేల రికార్డులు తిరగేశాను. టీచరు చేత్తో ఆ మాట ఎక్కడా చూడలేదు. ఇన్‌స్పెక్టరు చేత్తో చూసే ప్రశ్నే లేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

వరండాలో కూర్చుని ఉండగా లోపల హెడ్మాస్టరు, ఆమె మాట్లాడుకోవడం వినబడింది. విన్నాను అనే రాయాలి.

ఆయన బతిమాలుతున్నాడు. ముప్పై ఒక్కమందిలో పదిహేడుమంది తప్పకుండా చదువుతారు. ఏడుగురు ఎలాగూ చదవలేరు. మధ్యలో ఉన్నవాళ్ళు కూడా కష్టమే. పరీక్షకి రానివాళ్ళు లెక్కలోకి రారు. ఆ ఏడుగురూ ఇంటి దగ్గర ఉండిపోతే ఇరవై నలుగురిలో పదిహేడు, అంటే వందకి డెబ్బై. గీత అరవై దగ్గర ఉంది, బడి బతుకుతుంది. అందరూ వస్తే వందకి యాభై అయిదు. బడి పోతుంది, ఈ బడి ఉన్నంతవరకే అని రాసిచ్చిన ఆమె ఉద్యోగమూ పోతుంది, ఆరేళ్ళ పిల్లలు లారీల రోడ్డు దాటాలి.

"అన్ని బళ్ళలోనూ చేసేదే కదమ్మా. ఒక్కరోజు జ్వరమని చెప్పండి."

"ఏడుగురికీ ఒకేరోజు జ్వరం వస్తే పరీక్ష పెట్టేవాళ్ళని కాదు సార్, డాక్టర్ని పంపిస్తారు."

"హాస్యం కాదమ్మా."

"హాస్యం కాదు సార్. మర్నాడు వాళ్ళొస్తారు. ఎందుకు వద్దన్నామో వాళ్ళకి తెలుస్తుంది. ఇంక వాళ్ళు నా పక్కన కూర్చుని చదువుతారా?"

 

మా రోజుల్లో ఆ ఏర్పాటుకి పేరుండేది, వెనకవరస సెలవు. నాకు బాగా తెలుసు.

ఫిబ్రవరి 23, సోమవారం

ఇన్నేళ్ళలో నేను చూసినవాళ్ళలో ఈమెని మించినవాళ్ళు లేరు. ఎవరికీ చూపించని కాగితం మీద కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఆమె పంతం ఆమెకి అందం. బడికి మాత్రం ఉరి. ఎల్లుండి ఒక్కరోజు లెక్క తప్పితే ఆ పీట, ఆ గోడ, ఆ కాగితాలు అన్నీ పోతాయి. పెద్దబడిలో ఏముందో నాకు తెలుసు: బెత్తం, వల్లింపు. మంచివాళ్ళు చేయలేని పనులు కొన్ని ఉంటాయి. వాటిని మంచివాళ్ళు కానివాళ్ళు ఎవరైనా చేసిపెడితే మంచివాళ్ళకి మరక అంటదు. లోకం అలాగే నడుస్తోంది.

నోటుబుక్కు ఆమె బల్ల మీద ఉంది. ప్రతి పేజీ పైన ఇంటి చిరునామా కూడా రాసుకుంటుంది. పద్ధతైన మనిషి.

ఫిబ్రవరి 25, బుధవారం

సాయంత్రం కర్ర పట్టుకుని కాస్త తిరిగొచ్చాను. ఈ వయసులో ఏడు వీధులు మరీ ఎక్కువ. అక్క అడిగితే గాలి కోసమన్నాను.

ఫిబ్రవరి 26, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి. రాస్తాను.

శాఖ నుంచి పరీక్ష పెట్టే అమ్మాయి తొమ్మిదికి వచ్చింది. చేతిలో స్టాప్‌వాచీ, సంచిలో పిల్లలు ఎన్నడూ చూడని నాలుగేసి లైన్ల కాగితాలు. టీచరమ్మ పిల్లల్ని లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. హెడ్మాస్టరు వైపు చూసింది. ఆయన నాకేం తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నిజంగానే తెలియదు, పాపం.

రెండు జడల పిల్ల లేచింది. "టీచర్, మా పక్కింటికి కర్ర తాత వచ్చాడు. రేపు నీకు బడి లేదని పక్కింటి పిల్లకి చెప్పాడు."

ఆమె నా వైపు చూసింది. ఎంతసేపో చెప్పలేను. గడియారం నా జేబులోనే ఉంది.

తర్వాత పరీక్ష అమ్మాయిని ఒకటే అడిగింది, చివరి పిల్ల చదవడం అయ్యేలోగా వచ్చినవాళ్ళని రాసుకుంటారా అని. రాసుకుంటానంది. టీచరమ్మ బయటికి వెళ్ళిపోయింది. గోడ అవతల కోతమిషను ఆగిపోయింది, మళ్ళీ మోగలేదు. ఎందుకో కాసేపటికి అర్థమైంది. గేట్ల షాపతను మిషను ఆపి, తన సామాను ఆటోలో ఆమెని ఎక్కించుకుని ఏడు వీధులూ తిప్పుతున్నాడు.

యాభై నిమిషాలకి వచ్చారు. ఇనుప ఊచల మధ్య ఏడుగురు పిల్లలు. ఒకదానికి తల తడి ఆరలేదు. ఒకడికి చొక్కా తిరగబడి ఉంది. వెంట వచ్చిన ఒక తల్లి నన్ను చూసి, "ఈయనే" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

టీచరమ్మ నా దగ్గరికి వచ్చి చెప్పింది, పిల్లలకి వినపడకుండా.

"నేను చదవలేనని బడి మూసేశారా టీచర్ అని ఆ నత్తి పిల్ల దారిపొడుగునా అడుగుతూనే ఉంది సార్. ఏం చెప్పాలో మీరు చెప్పండి."



ఏడుగురిలో ఆరుగురు చదవలేకపోయారు. నత్తి పిల్లది చివరి వంతు. నిన్న నేను మొట్టమొదట వెళ్ళింది దాని ఇంటికే, ఎందుకంటే దాని మీద నాకు ఆశ బొత్తిగా లేదు. రెండో లైనులో ఆగిపోయింది. పరీక్ష అమ్మాయి వాచీ చూసింది. గదిలో ముప్పైమంది పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, ఒక్కరూ అందించలేదు. టీచరమ్మ వాళ్ళకి అది కూడా నేర్పింది. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు లైన్లూ చదివి, కాగితం వెనక్కి తిప్పి, ఇంకా ఏమైనా ఉందా అని చూసింది.

పద్ధెనిమిది. గీతకి కావలసింది పంతొమ్మిది.

ఫిబ్రవరి 27

అక్కకి చెప్పాను. అంతా.

చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత అంది: "నన్నూ అలాగే పంపారు. పెద్ద ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, రేపు నువ్వు రావద్దన్నారు. మళ్ళీ ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

రోజూ పొద్దున పేపరు నేనే చదివి వినిపిస్తాను. నలభై పుస్తకాలవాణ్ణి. ఆమెకి చదువు ఎందుకు రాలేదో ఒక్కసారైనా అడిగాను కాదు.

మార్చి 2, సోమవారం

పరిశీలకుడిని కాబట్టి అన్ని బళ్ళ ఫలితాలూ పంపించారు. పెద్దబడికి వందకి డెబ్బై తొమ్మిది. గొడుగు ఎర్రసిరాతో గీత గీసి మెచ్చుకున్నాడు.

అలవాటు చొప్పున రిజిస్టరు అంకె వెతికాను. ఆ తరగతిలో పిల్లలు అరవైమంది. పరీక్షకి కూర్చున్నది ముప్పై ఎనిమిది. చదివింది ముప్పై. ఆరోజు జ్వరం ఇరవై ఇద్దరికి.

అందరినీ లెక్కలోకి తీసుకుంటే పెద్దబడి వందకి యాభై. మూతపడబోయే బడి యాభై ఎనిమిది. బాగా చెప్పే బడిని మూసి, చెప్పని బడిలో కలుపుతున్నారు.

పదకొండో అధ్యాయానికి ముగింపు దొరికింది. పత్రికకి పంపితే గొడుగు మళ్ళీ లేవడు. ఒక పూటంతా ఆనందంగా ఉన్నాను.

తర్వాత తట్టింది. పత్రికలో రాగానే వాడు ముందు అడిగేది, ఆ ఏడుగురి ఇళ్ళకి వెళ్ళిందెవరని. ఆ బురద టీచరమ్మ మీద వేస్తారు. నోటుబుక్కు ఆమెది, చిరునామాలు ఆమె చేతిరాత. వాడు వేయకపోయినా వాడి కిందివాళ్ళు వేస్తారు. నేనైతే వేసేవాణ్ణే.

రెండు పేజీలు అంకెలు రాశాను. మూడో పేజీలో నేను చేసింది రాశాను, వీధుల పేర్లతో సహా. కింద సంతకం పెట్టాను. పత్రికకి కాదు, వాడికే.

మార్చి 4, బుధవారం

గొడుగు ఆఫీసులో బయట బల్ల మీద గంట కూర్చోబెట్టారు. నేనైతే రెండు గంటలు కూర్చోబెట్టేవాణ్ణి.

వాడికీ జుట్టు పోయింది. మూడు పేజీలూ చదివాడు. మూడో పేజీ రెండుసార్లు చదివాడు.

"ఇది ఫైల్లో ఉండిపోతుంది సార్. మీ పుస్తకం వచ్చాక ఎవరైనా తీసి చూపిస్తారు."

"చూపించనీ."

"మొదటి తనిఖీకి వెళ్ళినప్పుడు మీరు నాకేం చెప్పారో గుర్తుందా? రిజిస్టరు జోలికి పోకు, గదిలో ఉన్నవాళ్ళని లెక్కపెట్టు, లేకపోతే సాయంత్రానికి ఇల్లు చేరవు అన్నారు. నేను పరీక్ష రూలు రాసింది కూడా ఆ మాట మీదే."

గుర్తులేదని చెబుదామనుకున్నాను. గుర్తుంది. ఆరోజు వాన కూడా గుర్తుంది.

నా జీవితంలో మొదటిసారి వాణ్ణి అడిగాను, ఆ బడి ఉంచమని. అడగడం అంటే, "దయచేసి" అన్నాను. ఆ మాట వినడానికి పదిహేనేళ్ళుగా కాచుకున్నవాడిలా వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, రూలు మార్చడం తన ఒక్కడి చేతిలో లేదనీ, ఒక్క బడికి ఒక్క ఏడాది గడువు ఇవ్వడం మాత్రం తన చేతిలోనే ఉందనీ అన్నాడు. కాగితం తెప్పించి నా ఎదురుగానే సంతకం చేశాడు. పై ఏడాది రిజిస్టరు ప్రకారమే లెక్కపెడతారని కింద చేర్చాడు. అంటే అప్పుడు వెనకవరస సెలవు పనికిరాదు. ఆ ఆరుగురూ చదివి తీరాలి.

పదకొండో అధ్యాయం చింపలేదు. నేనంత మంచివాణ్ణి కాదు. మొదటి నాలుగు పేజీలు మాత్రం మళ్ళీ రాయాలి. వాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అక్కడ ఉండాలి.

మార్చి 6, శుక్రవారం

చెబుదామని బడికి వెళ్ళాను. కాగితం నాకంటే ముందే చేరింది. హెడ్మాస్టరు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మూడో పేజీ సంగతి ఆయనకి తెలియదు.

ఆమెకి తెలుసు. గొడుగు నకలు పంపించాడట. వెధవ.

కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే సిగ్గుతో చచ్చేవాణ్ణి. నోటుబుక్కు తెరిచి ఆరు పేజీలు చూపించింది.

"వీళ్ళని పరీక్షకి రాకుండా చెయ్యడానికి అంత దూరం నడిచారు సార్. చదివించడానికి ఇంత దూరం రాలేరా? సోమవారం నుంచి పొద్దున పూట రండి."

"నేనెప్పుడూ పిల్లలకి చెప్పలేదమ్మా. చెప్పేవాళ్ళకి చెప్పానంతే."

"తెలుస్తూనే ఉంది సార్" అంది. అప్పుడు నవ్వింది.

మార్చి 9, సోమవారం

వరండాలో నాకు కుర్చీ వేశారు. ఆరుగురినీ ఆమె తీసుకొచ్చి వదిలి, లోపల ఇరవై అయిదుగురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆరుగురూ గోడకి అతుక్కుని నిలబడ్డారు, నాకు ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా. రమ్మన్నాను. రాలేదు. పుస్తకం తెరిచాను. చూడలేదు. చివరికి చొక్కా తిరగేసుకొచ్చిన పిల్లాడు తక్కినవాళ్ళ తరఫున మాట్లాడాడు.

"నువ్వు ఇంటికి పంపించేస్తావు."

"పంపించను."

"మొన్న పంపించావుగా."

"పంపించాను. తప్పు చేశాను."

పెద్దవాళ్ళ నోట ఆ మాట విని వాళ్ళు ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు. లోపల రోజూ వింటూనే ఉంటారు కదా. వాడు మిగతా అయిదుగురి వైపు చూశాడు. ఒక పిల్ల అడుగున్నర ముందుకి జరిగింది. అక్కడితో సరి.

కుర్చీలో ఉంటే వీళ్ళు రారని అప్పటికి తెలిసింది. కర్ర పక్కన పెట్టి, కుర్చీ పట్టుకుని, మెల్లగా నేల మీదకి దిగి కూర్చున్నాను. అప్పుడొచ్చారు. చుట్టూ కూర్చున్నారు. ఒక లైను చదివాం. చదివాం అంటే, ఒక్కొక్కరు ఒక్కో మాట దగ్గర వేలు పెట్టి నా మొహంలోకి చూశారు, నేను ఒక్కటీ ఆగలేక అన్నీ అందించేశాను. లోపలి నుంచి ఆమె గొంతు వినబడుతోంది, ఆగినచోట ఆగుతూ. ఇరవై అయిదుమందితో. పన్నెండేళ్ళుగా. ఆ పని ఎంత పెద్దదో ఇన్ని వేల గదులు తిరిగి, ఇవాళ నేల మీద కూర్చుంటే తెలిసింది.

గంట కొట్టారు. లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. మళ్ళీ ప్రయత్నించాను, లేవలేకపోయాను. పిల్లాడు నా కుడిచెయ్యి పట్టుకున్నాడు, ఇద్దరు ఎడమచెయ్యి, మిగతా ముగ్గురూ వెనక నుంచి వీపు మీద చేతులు పెట్టి తోశారు. నవ్వుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ లేపి నిలబెట్టారు.

ఇవాళ జరిగిన చదువు అంతే.